రాయికి ఒక చెంపదెబ్బ

ఇష్బెల్ రెన్నీ జెర్సీ దీవికి వచ్చిన మూడో రోజున పాలసీసా కోసం వీధి చివరి కొట్టుకి వెళ్ళింది. కొట్టు నడిపే డొరీన్ అంతకు ముందు ఆమె మొహం చూసి ఎరగదు. అయినా చిల్లర చేతిలో పెడుతూ, "నిన్న నీ దుప్పట్లు వానలో నానిపోయాయి కదమ్మా. రెండు నీలంవి, ఒకటి పూలది. పాపం!" అంది.

ఇష్బెల్ ఇంటికి వచ్చీ రాగానే పెరటి తలుపు గడియ వేసి, కిటికీ తెరలు దించింది. ఆ రోజు నుంచి ఉతికిన బట్టలు వంటగదిలోనే ఆరేసుకుంది. ఇల్లంతా ముక్కిన వాసన కొట్టినా సరే, దుప్పటి మాత్రం బయట పెట్టలేదు.

మా దీవి ఈ చివర నుంచి ఆ చివరికి తొమ్మిది మైళ్ళు. డొరీన్ చెల్లెలి ఇల్లు ఇష్బెల్ పెరటి గోడకి ఆనుకునే ఉంది. ఆమెకి కనిపించింది, అక్కకి చెప్పింది, అంతే సంగతి. ఆ ఒక్క ముక్క ఎవరైనా ఇష్బెల్‌కి చెబితే సరిపోయేది. ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా, మళ్ళీ చెప్పడం ఎందుకు అనుకుంటారు మా వాళ్ళు. ఈ జబ్బుకి మా దగ్గర మందు లేదు.

ఆమె అనుమానం ఊరికే పుట్టింది కాదు. అబెర్డీన్‌లో ఒక లాయరు ఆఫీసులో పదకొండేళ్ళు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని పనిచేసిన భాగస్వామి గ్రెగర్, ముసలి క్లయింట్ల సంతకాలు తనే గీసుకుంటూ వచ్చాడు. ఆమె పుట్టినరోజుకి ఏటా కేకు తెచ్చిన మనిషి. సంగతి బయటపడ్డాక విచారణ జరిగి, ఇష్బెల్ తప్పేమీ లేదని కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని తిరిగితే ఒక్క ఆఫీసులోనూ కుర్చీ దొరకలేదు. చివరికి జెర్సీలో పర్చార్డ్ గారి ఆఫీసు పిలిచింది. ఆర్నెల్లు పనితీరు చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు. బయటి నుంచి వచ్చిన వాళ్ళకి ఇక్కడ ఇల్లు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం ఊడితే ఇంటి లైసెన్సు ఊడుతుంది, ఓడ ఎక్కాల్సిందే. ఎక్కి ఎక్కడికి వెళ్ళాలో ఆమెకి తెలియదు.

అందుకని ఆఫీసులో అందరినీ ఓ కంట కనిపెడుతూ ఉండేది. తను టీ గదిలోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోతే తన గురించే అనుకునేది. నిజానికి వాళ్ళు ఎవరి బావమరిది ఎవరి మేనత్తని ఏం అన్నాడో చెప్పుకుంటూ ఉండేవాళ్ళు. ఆమెకి ఆ మనుషులు తెలియరు కాబట్టి చెప్పినా రుచించదని ఆపేసేవాళ్ళు.

అయిదో నెలలో మిస్ ఆలివ్ సివ్రే ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చింది. మిస్ సివ్రేకి ఎనభై ఆరేళ్ళు. మెట్లెక్కలేక రోజెల్‌లోని తన రాతి ఇంటినీ, దాని వెనకనున్న ఏటవాలు చేనునీ పల్లో అనే పళ్ళ డాక్టరుకి అమ్ముతోంది. ఇంత చిన్న పని. దీన్ని ఆఫీసులో ముగ్గురు వరసగా వద్దన్నారు.

"ఎందుకు వద్దన్నారు?" అని అడిగింది ఇష్బెల్.

పర్చార్డ్ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఒకడికి అమ్మే ఆవిడ చుట్టం, ఒకడికి కొనేవాడు చుట్టం, ఇంకొకడికి ఇద్దరూ చుట్టాలే. నీకు ఈ దీవిలో పిల్లి కూడా చుట్టం కాదు. అందుకే కదా నిన్ను రప్పించుకున్నది!" అని నవ్వారు.

ఇష్బెల్ నవ్వలేదు. మునిగే పనిని కొత్తదాని నెత్తిన రుద్దుతున్నారని మనసులో రాసిపెట్టుకుంది.

మా దగ్గర ఇల్లు గానీ పొలం గానీ చేతులు మారాలంటే సంతకాలతో తెమలదు. శుక్రవారం మధ్యాహ్నం అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కోర్టులో నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, ఈ దస్తావేజుకి ఎప్పటికీ అడ్డం రామని ప్రమాణం చెయ్యాలి. చెయ్యి ఎత్తేదాకా ఎవరైనా వెనక్కి పోవచ్చు. ఎత్తాక మరి కుదరదు.

మొదటి శుక్రవారం మిస్ సివ్రే రాలేదు. మోకాలు పట్టేసిందని కబురు పంపింది. రెండో శుక్రవారం కోడికి ఒంట్లో బాగాలేదంది.

"కోడికా?" అంది ఇష్బెల్ ఫోనులో.

"మంచి కోడమ్మా. రోజూ గుడ్డు పెడుతుంది," అని ఫోను పెట్టేసింది ఆవిడ.

ఆ సాయంత్రం పర్చార్డ్ గారు ఇష్బెల్‌ని గదిలోకి పిలిచారు. ఈసారి కళ్ళద్దాలు తుడుచుకోలేదు. "డాక్టర్ పల్లో విసిగిపోయాడు. వచ్చే శుక్రవారం కూడా ఇది తేలకపోతే ఆయన తప్పుకుంటాడు. నీ ఆర్నెల్లు ఈ నెలాఖరుకే నిండుతాయి. చేతిలో ఉన్న ఒక్క అమ్మకం కూడా కోర్టు దాటించలేని మనిషిని ఉంచుకోమని నేను మిగతావాళ్ళకి ఏ మొహంతో చెప్పను?"

ఎవరో ముసలావిడని బెదిరిస్తున్నారని ఇష్బెల్‌కి గట్టిగా తోచింది. ఎవరా అని ఎక్కువసేపు వెతుక్కోలేదు. హెడ్లీ రెనూఫ్ అప్పటికే ఆమె కళ్ళల్లో పడి ఉన్నాడు.

హెడ్లీకి అరవై రెండేళ్ళు, ఆ ఆఫీసులో నలభై ఏళ్ళుగా దస్తావేజుల గుమాస్తా. దీవిలో ఏ గోడ ఎవరిదో, ఏ గట్టు వెనక ఎన్ని అడుగులు ఎవరివో వేళ్ళ మీద చెప్పగలడు. పిల్లల్లేరు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఇష్బెల్ వచ్చిన కొత్తలో ఇంటి దస్తావేజు ఎలా చదవాలో దగ్గర కూర్చుని నేర్పింది ఆయనే. ఓసారి నాచు ఎరువు వేసి పండించిన లేత బంగాళాదుంపలు సంచీడు తెచ్చిచ్చాడు. గ్రెగర్ కేకులు గుర్తొచ్చి ఆమె వాటిని వండుకోలేదు. మొలకలొచ్చాక పారేసింది.

ఆ హెడ్లీ ఇప్పుడు రోజుకోసారి బల్ల దగ్గరికి వచ్చి, "సివ్రే గారు ఏమన్నారమ్మాయ్? హద్దు నడిచి చూశారా?" అని అడుగుతున్నాడు. అడిగి, ఫైలు వంక చూసి, చెయ్యి వెయ్యకుండా వెళ్ళిపోతున్నాడు.

ఇష్బెల్ ఫైలంతా మళ్ళీ చదివింది. పాత దస్తావేజులో చేనుకి పడమటి హద్దు దగ్గర ఒక పేరు కనిపించింది. ఫిలిప్ రెనూఫ్. రెనూఫులు మా దీవిలో సముద్రపు కాకులంత మంది. అయినా ఆమె రిజిస్టర్లు తిరగేసి, ఆ ఫిలిప్ మనవడే హెడ్లీ అని పట్టుకుంది. పక్క పొలం ఆయనదే. ఆ మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు!

శనివారం బస్సెక్కి రోజెల్ వెళ్ళింది. ఇంటి ముందు నుంచి కాకుండా చేను కింది దారిన నడిచింది. పడమటి గట్టు దగ్గర హద్దు రాయి ఉంది, మోకాలెత్తు ఎర్ర గ్రానైటు రాయి. దానికి రెండు గజాల ఇవతల, సివ్రే వాళ్ళ వైపు, హెడ్లీ మోకాళ్ళ మీద వంగి నేలలోకి గునపం దించుతున్నాడు. దించి, చెవి ఒగ్గి విని, తీసి, జానెడు పక్కన మళ్ళీ దించుతున్నాడు. ఇష్బెల్ పొద చాటు నుంచి ఫోనుతో నాలుగు ఫొటోలు తీసింది. లోపల ఒక రకమైన సంతోషం కలిగింది. ఈసారి ముందే పట్టుకున్నాను అనుకుంది.

సోమవారం పొద్దున ఫొటోలతో సహా ఉత్తరం పర్చార్డ్ గారి బల్ల మీద పెట్టింది. పక్క పొలం తనదన్న సంగతి దాచిపెట్టి, హద్దు చెరపడానికి చూస్తున్నాడనీ, అమ్మే ఆవిడ మీద ఒత్తిడి తెస్తున్నాడనీ రాసింది. పర్చార్డ్ గారు రెండుసార్లు చదివారు.

"దాచిపెట్టడమేమిటి? ఆ పొలం హెడ్లీదని అందరికీ తెలుసు కదా."

"నాకు తెలియదు."

నిజమే, ఆమెకి ఎవరూ చెప్పలేదు. కానీ గునపం సంగతి ఆయనకీ తెలియదు. ఆఫీసు క్లయింటు పొలంలో ఆఫీసు మనిషి తవ్వడం ఏం పద్ధతి? ఉత్తరం చేతికి వచ్చాక చూడనట్టు ఉండటానికి లేదు. విచారణ అయ్యేదాకా హెడ్లీని ఇంటి దగ్గర ఉండమన్నారు.

హెడ్లీ వాదించలేదు. టీ కప్పు కడిగి, తుడిచి, కోటు జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ ఇష్బెల్ బల్ల దగ్గర ఆగాడు.

"నన్ను అడగొచ్చుగా అమ్మాయ్," అన్నాడు.

"అడిగితే నిజం చెప్పేవారా?"

"అది నీకు అడిగాక తెలిసేది." అని మెట్లు దిగిపోయాడు.

గురువారం పొద్దున్నే ఫోను మోగింది. మిస్ సివ్రే గొంతు. "హెడ్లీని ఇంటికి పంపించేశారట. నువ్వు రాసిన కాగితం వల్లట. రా పిల్లా, హద్దు నేను చూపిస్తాను. ఒక్కదానివే రా."

ఇష్బెల్ వెళ్ళేసరికి ఆవిడ రబ్బరు బూట్లు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని, గుమ్మంలో సిద్ధంగా ఉంది. మెట్లెక్కలేని మనిషి ఏటవాలు చేనులో ఎవరి సాయమూ లేకుండా దిగింది. రాయి దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకుంది.

"మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తున్నారా? నాకు చెప్పండి. నేను మీ లాయర్ని," అంది ఇష్బెల్.

"బెదిరించేవాడు చచ్చి యాభై ఏళ్ళయింది. మా నాన్న." ఆవిడ కర్రతో రాయిని తట్టింది. "ఇక్కడ నన్ను కొట్టాడు."

ఇష్బెల్‌కి అర్థం కాలేదు. మిస్ సివ్రే రెండు గజాలు లోపలికి నడిచి, దుంప మొక్కల మధ్య ఆగింది. శనివారం హెడ్లీ గునపం దించిన చోటుకి అడుగు దూరం కూడా లేదు.

"ఇక్కడ ముసలి ఫిలిప్ రెనూఫ్ కొట్టాడు. నాకు ఆరేళ్ళు. గట్టు కూలితే రాయి మళ్ళీ పాతారు. పాతేటప్పుడు మా తాతా ఆయనా ఒక పెంకుని రెండు ముక్కలు చేసి రాయి కింద పెట్టారు, సాక్ష్యానికి. ఆ తర్వాత పిల్లల్ని కొట్టాలి. దెబ్బ తిన్న చోటు పిల్లలు మర్చిపోరు చూడూ! సొంతవాడు కొడితే మెత్తగా కొడతాడని పక్కింటి పెద్ద చేత కొట్టిస్తారు. చెవి గింగురుమంది. కొట్టి, ఏడవకుండా నల్లవెన్న, అదే ఆపిళ్ళు ఉడికించి చేసే జాము, పూసిన రొట్టె ఇచ్చాడు. ఆపిళ్ళ వాసన ఇప్పటికీ గుర్తే."

"మరి మీ నాన్న?"

"యుద్ధంలో జర్మన్లు మా దీవిని ఆక్రమించుకుని ఉన్న ఆఖరి చలికాలం. పశువులకి వేసే దుంపలు తిన్నాం పిల్లా. తమ్ముడు నడవలేకపోయేవాడు. ఓ ఆదివారం అందరూ చర్చికి పోతే, నాన్న కడుపునొప్పని ఆగి, నన్నూ ఆపాడు. గుర్రాన్ని కట్టి రాయి అక్కడికి లాగించాడు. రెండు సాళ్ళ దుంపలు ఎక్కువొస్తాయని. పెంకులు మాత్రం తవ్వలేదు, వాటిని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదట. తర్వాత నన్ను రాయి పక్కన నిలబెట్టి కొట్టాడు. 'ఇదే గుర్తు పెట్టుకో, ముందుది మర్చిపో' అన్నాడు. నాకంటే ముందు ఆయనే ఏడ్చాడు."

"రెనూఫ్ వాళ్ళు అడగలేదా?"

"ఎందుకడగరు! ఫిలిప్ చచ్చేదాకా నా చేను కుంచించుకుపోయిందని అరిచాడు. మా నాన్న చర్చి పెద్ద కదా, ఎవరు నమ్ముతారు? 'కొలతల ఫిలిప్' అని పేరు పెట్టి ఊరంతా నవ్వింది. హెడ్లీని బళ్ళో 'నీ చేను ఇవాళ ఎంత చిక్కింది రా' అని ఏడిపించేవాళ్ళు. నేనూ విన్నాను. నోరు మెదపలేదు."

హెడ్లీ దేనికోసం వెతుకుతున్నాడో ఇష్బెల్‌కి ఇప్పుడు తెలిసింది. రేపు చెయ్యి ఎత్తాక ఆ హద్దు శాశ్వతం. ఎనభై ఆరేళ్ళ మనిషి దగ్గరికి వెళ్ళి మీ నాన్న దొంగ అని ఎలా అంటాడు? అనలేక, తాత మాట నిజమో కాదో తన మట్టుకు తను తేల్చుకోవడానికి, చెయ్యకూడని చోట గునపం దించాడు.

"రెండు శుక్రవారాలు నా చెయ్యి లేవదని తెలిసి రాలేదు. కోడికి ఏం రోగం లేదు." మిస్ సివ్రే తిన్నగా ఇష్బెల్ మొహంలోకి చూసింది. "నువ్వు లాయరువి. ఈ ముక్క నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. రేపు చెయ్యి ఎత్తమంటే ఎత్తుతాను. నీ ఉద్యోగం సంగతి కూడా విన్నానులే. నువ్వెలా చెప్తే అలా."

ఎలా విన్నదని ఇష్బెల్ అడగలేదు. ఒక్క మాట చాలు. ఎత్తండి అంటే చాలు. రేపు మధ్యాహ్నానికి పని అయిపోతుంది, ఇల్లు నిలుస్తుంది. ముసలావిడ ఆ మాటని తనతో తీసుకుపోతుంది. క్లయింటు రహస్యం కాపాడావని చట్టం కూడా మెచ్చుకుంటుంది. హద్దు మారితే పల్లో తప్పుకోవచ్చు. దీవి మీద ఆమెకి అదే ఆఖరి వారం కావచ్చు.

ఆమెకి ఏడుపొచ్చింది, దాని వెంటే కోపం. గ్రెగర్ కూడా ఇలాగే ఎవరికీ తెలియదులే అనుకుని ఉంటాడు. ఇన్నాళ్ళూ దొంగ కోసం చుట్టూ వెతికిన మనిషికి, ఆ దొంగ కుర్చీ ఇప్పుడు తన కోసమే వేసి ఉందని కనబడింది. ఆ కుర్చీలో కూర్చోవడం ఇంత తేలికని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"హెడ్లీ గారిని పిలవనా?" అంది. "మీరు ఒప్పుకుంటేనే."

"పిలువు. పార తెమ్మను."

హెడ్లీ పావుగంటలో వచ్చాడు. వెనకాలే ఇష్బెల్ ఫోను చేసిన పర్చార్డ్ గారూ కారు దిగి, మంచి బూట్లు బురదలో పెట్టుకుంటూ వచ్చారు. మిస్ సివ్రే చెప్పాల్సింది నిలబడే చెప్పింది, ఒక్క మాట తగ్గించలేదు. హెడ్లీ టోపీ తీసి విన్నాడు. విని, తవ్వడం మొదలుపెట్టాడు. మోచెయ్యి లోతున పెంకు తగిలింది. రెండు ముక్కలు. మట్టి తుడిచి పక్కపక్కన పెడితే విరిగిన అంచులు వెంట్రుకంత సందు కూడా లేకుండా కలిశాయి. హెడ్లీ వాటిని అరచేతిలోకి తీసుకున్నాడు.

"మా తాత అబద్ధం ఆడలేదు," అన్నాడు. పెద్దవాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. పర్చార్డ్ గారు ఎటో చూశారు.

మిస్ సివ్రే చూస్తుండగా మిగతా ముగ్గురూ గునపాలు వేసి రాయిని పాత చోటుకి దొర్లించేసరికి మధ్యాహ్నం దాటింది. పెంకులు మళ్ళీ కింద పెట్టి రాయి నిలబెట్టారు. హెడ్లీ మట్టి తొక్కుతుంటే మిస్ సివ్రే కర్రతో నేల మీద కొట్టింది.

"ఇంకా అయిపోలేదు. సాక్షి కావాలి. నేను ఇవాళో రేపో పోయేదాన్ని. నీకు పిల్లల్లేరు. పర్చార్డ్‌కి ఇప్పటికే మతిమరుపు."

"ఏయ్ ఆలివ్!" అన్నారు పర్చార్డ్ గారు.

"ఇదుగో, ఈ పిల్ల ఉంది. దీవికి వచ్చి ఆర్నెల్లు కూడా నిండలేదు. ఇంతకంటే చిన్నపిల్ల మనకి ఎక్కడ దొరుకుతుంది? కొట్టు హెడ్లీ."

హెడ్లీ వెనక్కి తగ్గాడు. "నేను కొట్టను."

ఇష్బెల్ వెళ్ళి రాయి పక్కన నిలబడింది. కోటు మీద బురద, జుట్టు నిండా మట్టి. "కొట్టండి హెడ్లీ గారూ. నేను రాసిన ఉత్తరానికి కూడా కలిపి కొట్టండి."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఉత్తరం సంగతి వేరు. అది ఇంత తేలిగ్గా పోదు. ఇది రాయికి మాత్రమే," అన్నాడు. అని చాచి కొట్టాడు.

చెవి గింగురుమంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎర్ర రాయి, దాని వెనక గట్టు, అక్కడ విరిగిన ముళ్ళకొమ్మ, అన్నీ ఒక్కసారిగా కళ్ళల్లో అతుక్కుపోయాయి. మిస్ సివ్రే కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసింది. అందులో నల్లవెన్న పూసిన రొట్టె ఉంది. పొద్దున ఇష్బెల్‌ని రమ్మని ఫోను చేయకముందే చుట్టి పెట్టుకుందన్నమాట. ఇష్బెల్ అక్కడే నిలబడి మొత్తం తినేసింది.

సాయంత్రానికి హెడ్లీని మళ్ళీ ఆఫీసుకి పిలిచి, హద్దు మార్చి దస్తావేజు తిరగరాశారు. డాక్టర్ పల్లో గొణిగాడు, రెండు సాళ్ళు తగ్గాయన్నాడు. తర్వాత కొలతల ఫిలిప్ కథంతా విని, తన తాత కూడా ఆయన్ని చూసి నవ్వినవాడే అని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

శుక్రవారం పొద్దున ఇష్బెల్ దుప్పట్లు ఉతికి, దాదాపు ఆర్నెల్ల తర్వాత మొదటిసారి పెరట్లో ఆరేసింది. పాలకి వెళ్తే డొరీన్ బల్ల మీదికి వంగి, "ఎడమ చెంపేనా?" అని అడిగింది. ఇష్బెల్ చెంప తిప్పి చూపించింది.

మధ్యాహ్నం కోర్టులో మిస్ సివ్రే కర్ర పక్కకి ఇచ్చేసి, ఎవరూ పట్టుకోకుండా నిలబడి, కుడిచెయ్యి తలపైకి ఎత్తింది. అందరూ చేతులు దించాక కూడా ఆవిడ కాసేపు దించలేదు. పర్చార్డ్ గారు బయటికి వస్తూ ఇష్బెల్‌తో, "సోమవారం తొమ్మిదికి రా. ఇంకో ఫైలుంది, దానికీ ఎవరూ చుట్టం కాకూడదు," అని మాత్రం అన్నారు.

హెడ్లీ మెట్ల మీద ఒక్కడే నిలబడి టోపీ సరిచేసుకుంటున్నాడు. ఇష్బెల్ పక్కకి వెళ్ళి నిలబడింది. క్షమాపణ మాటలు రాత్రంతా కూడగట్టుకుని వచ్చింది.

"నేను మిమ్మల్ని..." అంది.

ఆయన ఆమె వైపు చూడలేదు. పడమటి ఆకాశం వైపు చూశాడు. "వానొచ్చేలా ఉంది. నీ దుప్పట్లు బయటున్నాయి, పో," అన్నాడు.

ఎలా తెలిసిందని ఇష్బెల్ అడగలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని ఇంటికి పరిగెత్తింది.